శెనక్కాయ చెట్టుకు ఎర్ర దారం కట్టే పాప: పాత టీవీ పాఠం ఎవరికైనా గుర్తుందా?

ఉగ్గాణి_బజ్జీ
ఇంట్లో అడిగా, స్నేహితుల్ని అడిగా, ఎవరికీ గుర్తు లేదంటున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను మూడో తరగతి అప్పుడు, అంటే 1992 గానీ 93 గానీ. అనంతపురంలో ఉండేవాళ్ళం. టీవీలో పొద్దున పూట పిల్లల పాఠాలు వచ్చేవి, ఒక్కోటి ఐదారు నిమిషాలు ఉండేది. అందులో ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఒక పాప శెనక్కాయ చేలో గొంతుకూర్చుని, పసుపు పువ్వు ఉన్న గణుపు దగ్గర ఎర్ర దారం చుట్టి ముడేస్తుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వస్తే పువ్వు ఉండదు, వాడిపోయి ఉంటుంది. పాప మొహం చిన్నబోతుంది. అప్పుడు తాత వచ్చి చెట్టును మెల్లగా పెరికి మట్టి దులుపుతాడు. దారం కట్టిన చోటి నుంచి ఒక ఊడ కిందికి దిగి ఉంటుంది, దాని చివర కాయ. పువ్వు పైన పూసి కాయ భూమిలో కాస్తుందని నాకు ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు మా పాప మూడో తరగతి. పుస్తకంలో బొమ్మ ఉంది కానీ దానికి ఎక్కలేదు. ఆ వీడియో చూపించాలని యూట్యూబ్ అంతా వెతికా, లేదు. ఎవరు తీశారు, ఎక్కడ దొరుకుతుంది?

బుడ్డల_బస్తా
మా కళ్యాణదుర్గం వైపు బుడ్డలు అంటాం. నేను ఆ పాఠం చూడలేదు కానీ చెప్పింది మాత్రం నూటికి నూరు నిజం. పువ్వు పొద్దున్నే విచ్చుకుంటుంది, ఆ రోజే వాడుతుంది, తర్వాత ఊడ దిగి భూమిలోకి పోతుంది. పైకొమ్మల్లో పూసిన పువ్వు ఊడ నేల దాకా అందక గాల్లోనే ఎండిపోతుంది. ఊడలు దిగే టయానికి నేలలో పదును లేకుంటే ఆ ఏడు పంట పోయినట్టే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ పది రోజులు మా నాయన ఆకాశం వైపు చూసిన చూపు నేను ఏ టీవీలోనూ చూడలేదు.

బురుజు_నీడన
ఒక డౌటు అన్నా. 92లో మీ ఇంట్లో కలర్ టీవీ ఉందా? దారం ఎర్రదని ఎట్లా తెలిసింది?

ఉగ్గాణి_బజ్జీ
అన్న కాదు, అక్క.

మాది బ్లాక్ అండ్ వైటే. ఈసీ టీవీ, చెక్క పెట్టె, ముందు పక్కకు జరిపే తలుపులు, గిర్రున తిప్పే ఛానెల్ మర. నువ్వు అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. కానీ ఎరుపే. ఒట్టు.

సెవెన్‌రోడ్స్_కడప
అప్పట్లో టీవీ ముందు మూడు రంగుల ప్లాస్టిక్ షీటు తగిలించేవాళ్ళు, పైన నీలం, కింద పచ్చ, మధ్యలో ఎర్రగా ఉంటుంది. మా మేనమామ ఇంట్లో ఉండేది. వార్తలు చదివే ఆవిడ జుట్టు నీలం, మొహం ఎరుపు, చీర పచ్చ. మీ ఇంట్లోనూ అదే ఉందేమో అక్కా.

ఉగ్గాణి_బజ్జీ
లేదు. మా నాయన అవి కళ్ళకు చెడ్డవని కొననియ్యలేదు.

ఆదోని_టీచరమ్మ
నేను 1989లో ఉద్యోగంలో చేరాను, రిటైరై ఐదేళ్ళయింది. ఉగ్గాణి చెబుతున్నది బడి పిల్లల కోసం ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా వచ్చిన కార్యక్రమం అయి ఉండొచ్చు. ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో పైకి పోయింది. ఆ తర్వాత ఢిల్లీలో ఒక కేంద్ర సంస్థ, ఆరు రాష్ట్రాల్లో రాష్ట్ర సంస్థలు పెట్టి పిల్లల పాఠాలు తీయించారు. మనది హైదరాబాద్‌లో ఉండేది, ఎస్ఐఈటీ అనేవాళ్ళం. ఒక్కో భాషకు రోజూ ముప్పావు గంట. అందులో 5 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఒక భాగం, 9 నుంచి 11 ఏళ్ళ వాళ్ళకు ఇంకో భాగం. ఒక్కో భాగంలో పాట, బొమ్మలాట, ఇట్లా చేలో తీసిన చిన్న ముక్క, అన్నీ కలిపి ఉండేవి. అందుకే నీకు ఐదారు నిమిషాలని గుర్తుండి ఉంటుంది.

రంగు సంగతి. ప్రైమరీ బడులకు రేడియో కమ్ క్యాసెట్ ప్లేయర్లు, అప్పర్ ప్రైమరీ బడులకు కలర్ టీవీలు ఇచ్చే పథకం ఒకటి ఉండేది. నువ్వు బడిలో చూశావేమో గుర్తు చేసుకో. నేను పని చేసిన ఒక బడికి ఆ టీవీ వచ్చింది. వచ్చిన రోజు పిల్లలు అట్టపెట్టె వాసన కూడా చూశారు. తర్వాత పాడైతే ఎవరు కట్టాలని హెడ్మాస్టరు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. పరీక్షలు అయ్యాక చూద్దాం, సెలవులయ్యాక చూద్దాం. నేను బదిలీ అయ్యే రోజుకు కూడా దాని రిమోట్ మీద పాలితీన్ కవరు తీయలేదు. ముప్పై ఏళ్ళయినా ఆ బీరువా తలచుకుంటే నాకు కోపం వస్తుంది. తెరిచి ఉంటే ఆ పిల్లలు ఏం చూసేవాళ్ళో!

పెన్నగట్టు
టీచరమ్మా మా బడిలోనూ ఇదే కథ, బీరువా బదులు ట్రంకుపెట్టె.

ధర్మవరం_మగ్గం
మా బడిలో మాత్రం చూపించారు, అది కూడా చెప్పాలి. కరెంటు ఉన్నప్పుడల్లా మా సారు కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసేవాడు. మా క్లాసూ పక్క క్లాసూ కలిపి నూరు మంది కింద కూర్చునేవాళ్ళం. అయిపోయాక టీవీ ఆపి, ఏం చూశారురా అని ఒక్కొక్కర్నీ అడిగేవాడు. నీళ్ళు ఆవిరయ్యే పాఠం చూపించిన రోజు మమ్మల్ని బయటికి తీసుకుపోయి బండ మీద నీళ్ళు చల్లి, తడి ఆరేదాకా నిలబెట్టాడు. ఏప్రిల్ ఎండ. రెండు నిమిషాల్లో ఆరిపోయింది. ఎక్కడికి పోయాయిరా నీళ్ళు అంటే నూరు మందీ పైకి చేయి చూపించాం.

బురుజు_నీడన
@ధర్మవరం_మగ్గం ఆ సారుకు దండం పెట్టాలి.

తుంగభద్ర_అవతల
మీరంతా ఇన్సాట్ గురించి మాట్లాడుతున్నారు, మా అమ్మ అంతకంటే ముందు చూసింది. మా అమ్మ పుట్టిల్లు రాయచూరు జిల్లాలో, నదికి అవతల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సరిగ్గా ఒక ఏడాది సైట్ అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్ళకు నేరుగా టీవీ ఇచ్చారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు.

మా అమ్మ చెప్పేది ఏంటంటే బడి ముందర పెద్ద గొడుగు లాంటిది పెట్టారట, కోళ్ళ గూటికి కొట్టే జాలీతో చేసింది, మూడు మీటర్ల వెడల్పు. మొదటి వారం ఊళ్ళో ఆడవాళ్ళు దాని మీద వడియాలు ఆరబెడదామా అని అడిగారంట. ఇంకో సంగతి, ఆ ఉపగ్రహంలో బొమ్మ ఒకటే, మాట మాత్రం రెండు దారుల్లో పంపొచ్చు. ఒకే బొమ్మను ఒక చోట ఒక భాషలో, ఇంకో చోట ఇంకో భాషలో వినిపించేవాళ్ళు. ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట ఉన్న మా అమ్మకు అదేం వింత అనిపించలేదట.

ఏడాది అయిపోయాక ఉపగ్రహాన్ని వాళ్ళు వెనక్కి జరుపుకున్నారు. ఆ తర్వాత బడి ఉన్న రోజు పొద్దున పిల్లలు ఎప్పట్లాగే వెళ్ళి టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద చుక్కలే. సారు "రేపు వస్తుందిలే" అన్నాడట. మా అమ్మ వారం రోజులు పోయి కూర్చుంది.

పెన్నగట్టు
చదువుతుంటే ఏదోలా అయింది. అమ్మను అడుగు అన్నా, ఏం చూపించేవాళ్ళో గుర్తుందా?

తుంగభద్ర_అవతల
అడిగాను. ఒకటే గుర్తుంది అంట. పారే నీళ్ళల్లో ఆకు పడవ. ఎందుకు తేలుతుంది, రాయి ఎందుకు మునుగుతుంది. పిల్లలకు సైన్సు పాఠాలు ప్రత్యేకంగా తీయించారు అప్పుడు. అహ్మదాబాద్‌లో ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటరుకు డైరెక్టరుగా ఉన్నది యశ్‌పాల్ గారు. తర్వాత దూరదర్శన్‌లో పిల్లలు ఉత్తరాల్లో అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడే, ఆ తెల్లజుట్టు పెద్దాయన.

ఆదోని_టీచరమ్మ
ఆయనే. బడి సంచి బరువు తగ్గించాలని 1993లో రిపోర్టు ఇచ్చింది కూడా ఆయన కమిటీయే. మా టీచర్లలో ఆ రిపోర్టు చదివినవాళ్ళు తక్కువ, చదివినవాళ్ళు మాత్రం మర్చిపోలేదు.

హిందూపురం_చింత
మాకు హైదరాబాద్ అందేది కాదు, బెంగళూరు దగ్గర. 1981లో బెంగళూరు దూరదర్శన్ మొదలైంది. మిద్దె మీద ఇరవై అడుగుల పైపు, పైన యాంటెన్నా, దానికి బూస్టరు. నేను పైన తిప్పుతుంటే చిన్నాయన కిందనుంచి "వచ్చిందీ... పాయె... వచ్చిందీ" అని అరిచేవాడు. పిల్లల కార్యక్రమాలన్నీ కన్నడంలో చూశాను. బడిలో చేరేనాటికి నాకు కన్నడ ఒంట్లు వచ్చు, తెలుగులో పదికి మించి రావు. మా టీచరు భయపడి మా నాయనను పిలిపించింది.

సెవెన్‌రోడ్స్_కడప
అసలు బాధ అక్కడే ఉంది. మా ఇంటికి టీవీ వచ్చిన మొదటి ఏళ్ళలో ఢిల్లీ నుంచి వచ్చేది అట్లే చూపించేవాళ్ళు. పిల్లల పాటలు హిందీ, వార్తలు హిందీ. ఇక యూజీసీ వాళ్ళ క్లాసులు 1984 ఆగస్టు 15న మొదలయ్యాయి, అవి ఇంగ్లీషు. డిగ్రీ చదివే మా అన్న నోటుబుక్కు పట్టుకుని కూర్చునేవాడు, అరగంటకు రెండు లైన్లు రాసేవాడు. వాడికి తెలివి లేక కాదు, తెలుగు మీడియం. మంచి పాఠం మన భాషలో రాకపోతే అది మన ఇంటి మీదుగా ఎగిరిపోయే విమానమే. చూస్తాం, ఎక్కలేం.

బుడ్డల_బస్తా
ఒప్పుకోను అన్నా. బొమ్మకు భాష అక్కర్లేదు. హిందీ ఒక్క ముక్క రాని నాకు ఆ పిట్టలు వలతో సహా ఎగిరిపోయే కార్టూన్ మొత్తం అర్థమైంది.

పెన్నగట్టు
ఏక్ చిడియా! అది టీవీ కోసం కాదు, ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళు 1974లో తీశారు. విజయా ములే గారు రాసి తీసింది, బొమ్మలు భీమ్‌సేన్ గారివి. ఏడు నిమిషాలే. దూరదర్శన్ దాన్ని ఎన్నిసార్లు వేసిందో లెక్క లేదు. తుంగభద్ర అన్న చెప్పిన సైట్ కాలంలో పిల్లల పాఠాలు తీయించిన బృందంలో కూడా ఆమె ఉన్నారు.

బురుజు_నీడన
నేను అది తెలుగులో చూశా. పక్కా.

పెన్నగట్టు
టీవీలోనా?

బురుజు_నీడన
కర్నూల్లో ఒక టాకీసులో. అప్పట్లో సినిమాకు ముందు ఇండియన్ న్యూస్ వేసేవాళ్ళు కదా, అట్లా.

పెన్నగట్టు
కావచ్చు. ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళు చాలా భాషల్లోకి మార్చి థియేటర్లకు పంపేవాళ్ళు. లేదంటే నీకు కథ ముందే తెలుసు కాబట్టి తెలుగులో విన్నట్టు ఉంటుంది. ఆ కథ మనది కూడా కదా. చిన్నయసూరి నీతిచంద్రికలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు వలను ఎత్తుకుని ఎగిరి హిరణ్యకుడనే ఎలుక దగ్గరికి పోతాడు. 1853 నాటి పుస్తకం. మా తెలుగు సారు మిత్రలాభం చెప్పేటప్పుడు రెండు చేతులూ రెక్కల్లా కొట్టేవాడు.

బురుజు_నీడన
మా జేజి కూడా చెప్పేది ఆ కథ, పావురాలు అని కాదు, గువ్వలు అని. నిజమే, ఆమె గొంతు ఆ బొమ్మకు అతుక్కుందేమో. అయినా టాకీసు సంగతి మాత్రం వదలను.

నల్లరేగడి_2001
కొంచెం వేరే మాట చెప్తా, తిట్టుకోవద్దు. నేను 2001లో పుట్టా. మీరు చెప్పేవాటిలో కొన్ని చూశా. చాలా నెమ్మది. ఒక మొక్క మీద కెమెరా పెట్టి అర నిమిషం ఏమీ జరగదు. ఇప్పుడు అదే ఊడ దిగేది టైమ్‌లాప్స్‌లో పది సెకండ్లలో చూపిస్తారు, ఫోర్‌కేలో. అక్క వాళ్ళ పాపకు అది చూపిస్తే చాలు కదా? పాతదే కావాలని ఎందుకు?

ఆదోని_టీచరమ్మ
తిట్టను నాన్నా, మంచి ప్రశ్న. టైమ్‌లాప్స్ నేనూ చూపించాను, రిటైరయ్యే ముందు. పిల్లలు "వావ్" అన్నారు. తర్వాత ఒక పిల్లవాడు అడిగాడు, ఇది ఒక్క రోజులో జరుగుతుందా మేడం అని. పది సెకండ్లలో చూసినవాడికి ఆ వారం పది రోజుల ఎదురుచూపు కనిపించలేదు. ఉగ్గాణి చెప్పిన పాఠంలో పాప దారం కట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది, పువ్వు లేదని బాధపడుతుంది. రైతు బిడ్డకు తెలియాల్సింది అదే. ఆ అర నిమిషంలో ఏమీ జరగలేదని నువ్వన్నావే, అప్పుడే పిల్లలు చూడటం నేర్చుకుంటారు.

నల్లరేగడి_2001
సరే మేడం, ఇది నేను ఆలోచించలేదు. కానీ సౌండు మాత్రం ఘోరం, అది ఒప్పుకోండి.

ఆదోని_టీచరమ్మ
ఒప్పుకుంటాను.

ధర్మవరం_మగ్గం
ఆ సౌండులోనే మా తమ్ముడు బతికాడు. విరేచనాలు పట్టుకుంటే చిటికెడు ఉప్పు, గుప్పెడు చక్కెర, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళు. టీవీలో రోజూ చూపించేవాళ్ళు, ఒక నిమిషం ఉంటుందేమో. మూడు వేళ్ళతో ఉప్పు పట్టుకునే ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మే నెల, రాత్రి పూట, డాక్టరు దగ్గరికి పోవడానికి బస్సు లేదు. మా అమ్మ చదువుకోలేదు. ఆ చెయ్యి ఎట్లా పట్టుకుందో అట్లే పట్టుకుని కలిపింది. చెంచా చెంచా తెల్లారేదాకా పోసింది.

సెవెన్‌రోడ్స్_కడప
🙏 ఇంతకంటే ఏం కావాలి.

పాత_కేబులోడు
ఈ ముచ్చట మొత్తం ఒక్క బిగిన చదివినా. ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది.

1993 నుంచి అనంతపురంలో కేబుల్ నడిపినా, మొదట్లో నాలుగు వందల కనెక్షన్లు. ఒక గది, రెండు వీసీఆర్‌లు, ఒక మాడ్యులేటరు. సాయంత్రం సినిమా క్యాసెట్టు వేసేవాణ్ణి. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు ఖాళీ. ఆ టైములో ఏమైనా పిల్లలకు వెయ్యి అని మా అక్క పోరు పెట్టేది, ఆమె అంగన్వాడీలో పని చేసేది. అప్పుడు పొద్దున దూరదర్శన్‌లో వచ్చే పాఠాలు రికార్డు చేసి మధ్యాహ్నం వేసేవాణ్ణి. బడికి పోయిన పిల్లలు పొద్దున చూడలేరు కదా. అట్లా ఒక మూడేళ్ళు చేసినా. ఈ-180 క్యాసెట్లు, మూడు గంటలవి, నలభై దాకా అయినాయి.

శెనక్కాయ పాఠం ఉంది. నాకు గుర్తుంది. నాకే నచ్చి చానాసార్లు వేసినా.

ఉగ్గాణి_బజ్జీ
అన్నా!!! మీ దగ్గర ఇప్పుడు ఉన్నాయా?

పాత_కేబులోడు
అదే చెప్తాండా. నలభైలో తొమ్మిది మిగిలినాయి అక్కా. క్యాసెట్టు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ తునక ఉంటుంది. అది విరిచేస్తే దాని మీద ఇంకోటి రికార్డు కాదు. నేను అన్నిటికీ విరిచినా. కానీ ఆ కన్నానికి సెల్లో టేపు అతికిస్తే మళ్ళీ రికార్డు అవుతుంది. నేను ఊర్లో లేనప్పుడు గదిలో పని చేసే పిల్లోడు పెండ్లిళ్ళకు క్యాసెట్లు లేవని టేపు అతికించి ఎక్కించేసినాడు. వాని తప్పు కాదు, దాంట్లో ఏముందో వానికి ఎవరు చెప్పినారు? ముప్పై పెండ్లిళ్ళ కింద పిల్లల పాఠాలు ఉన్నాయి. ఒక పెండ్లి క్యాసెట్టు చివర్లో తలంబ్రాలు అయిపోంగానే నాలుగు నిమిషాలు అ ఆ ఇ ఈ వస్తుంది. ఆ ఇంటోళ్ళు అట్లే దాచుకున్నారంట.

మిగిలిన తొమ్మిదీ అటక మీద ట్రంకులో ఉన్నాయి. పోయినేడు తీసి చూస్తే తెల్లగా బూజు పట్టింది. వీసీఆర్ కూడా తిరగడం లేదు.

ప్రొద్దుటూరు_టంకం
ఆగండి ఆగండి. బూజు ఉన్న టేపును ఎట్టి పరిస్థితిలోనూ వీసీఆర్‌లో పెట్టొద్దు. హెడ్డు మీద బూజు అంటుకుంటుంది, అదే హెడ్డు తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టుకూ అంటిస్తుంది, టేపు నలిగిందంటే ఆ నలిగిన చోటు ఇక రాదు. నేను ప్రొద్దుటూరులో పాతికేళ్ళు టీవీలు, వీసీఆర్‌లు రిపేరు చేశా, ఇప్పుడు పని తగ్గింది కానీ సామాను మొత్తం ఉంది.

చేయాల్సింది ఇది. క్యాసెట్టు వెనక ఐదు స్క్రూలు ఉంటాయి. విప్పేముందు ఫోటో తీసుకో, లోపల టేపు ఏ రోలరు మీదుగా పోతుందో తెలియాలి. మాస్కు వేసుకో, ఆ బూజు ఊపిరితిత్తులకు మంచిది కాదు. పోగులు ఊడని మెత్తని బట్ట, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొంచెం, తడి కారకూడదు. టేపును చేత్తో మెల్లగా ఒక చుట్ట నుంచి ఇంకో చుట్టకు తిప్పుతూ రెండు వైపులా తుడవాలి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. మూడు గంటల టేపు అంటే పావు కిలోమీటరు పైనే పొడవు ఉంటుంది, ఒక రోజు పడుతుంది. ఆ తర్వాత మంచి వీసీఆర్‌లో పెట్టి క్యాప్చర్ కార్డుతో కంప్యూటర్లోకి ఎక్కించాలి. కొత్త వీసీఆర్‌లు ఇక రావు, ప్రపంచంలో చివరి కంపెనీ కూడా 2016లో ఆపేసింది. నా దగ్గర నాలుగు ఉన్నాయి, రెండు పని చేస్తాయి.

పంపండి, డబ్బులు వద్దు. బస్సు పార్సిల్‌లో వద్దు, ఎవరైనా చేత్తో తేవాలి.

ధర్మవరం_మగ్గం
వచ్చే ఆదివారం నేను జమ్మలమడుగు పోతున్నా, పెండ్లి ఉంది. కేబులన్నా, ధర్మవరం దాకా తెచ్చిస్తే నేను తీసుకుపోతా. నిలువుగా పెట్టాలా పడుకోబెట్టాలా?

ప్రొద్దుటూరు_టంకం
నిలువుగా, పుస్తకాలు పెట్టినట్టు. కారులో వెనక అద్దం దగ్గర ఎండ తగిలే చోట వద్దు.

పాత_కేబులోడు
శనివారం నేనే వస్తా ధర్మవరానికి.

బురుజు_నీడన
ఈ పాఠాలు తీసిన చోట ఒరిజినల్ టేపులు ఉండవా? మనం ఇంత తిప్పలు పడాలా?

పెన్నగట్టు
ఉంటే మంచిదే, అడుగుదాం. కానీ ఆ రోజుల్లో టేపు ఖరీదు. చాలా స్టూడియోల్లో పాతది చెరిపి కొత్తది ఎక్కించడం మామూలే, మన దేశంలోనే కాదు. సినిమా అంటే దాచాలని తెలుసు, పిల్లల పాఠం దాచాలని ఎవరికి తోచింది? తోచినవాళ్ళు ఇళ్ళల్లో, అటకల మీద దాచారు. కాబట్టి అందరూ అటకలు వెతకండి. నేను మా మామ ఇంట్లో చూస్తా.

ప్రొద్దుటూరు_టంకం
తొమ్మిది రోజులైంది, చెప్తా. తొమ్మిది క్యాసెట్లలో రెండు మొత్తం పోయాయి, టేపు ఒకదానికొకటి అతుక్కుంది, లాగితే పూత ఊడి వస్తోంది, వదిలేశా. ఏడు వచ్చాయి. ఎనిమిది గంటల పైన పిల్లల పాఠాలు ఉన్నాయి. గడియారం చూడటం, కాలువ గట్టున నడిచే ఒక బాతు బొమ్మ, బావి నీళ్ళలో క్లోరిన్ బిళ్ళ, నక్షత్రాలు. మూడు చోట్ల "అంతరాయానికి చింతిస్తున్నాము" పలక కూడా ఉంది, అది చూసి మా ఆవిడ ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

శెనక్కాయ పాఠం ఐదో క్యాసెట్టులో ఉంది. ఐదు నిమిషాల నలభై సెకండ్లు. మొదలు లేదు, పేర్లు లేవు, పాప అప్పటికే చేలో కూర్చుని ఉంది. కలర్‌లో రికార్డయింది. ఉగ్గాణి అక్కా, లింకు విడిగా పంపాను, ముందు నువ్వు చూడు.

బుడ్డల_బస్తా
తట్టుకోలేక నేనూ అడిగి తెప్పించుకుని చూశా. ఒక మాట వినండి. వెనక నుంచి చెప్పే ఆయన వేరుశనగ అంటాడు. పాప మాత్రం మూడో నిమిషంలో "తాతా, బుడ్డ వచ్చెనే!" అంటుంది. ఆ "వచ్చెనే" మాది. రాసిచ్చిన మాట కాదు అది, పాప నోటి నుంచి వచ్చింది. ఇది మన చేలల్లోనే తీశారు, నేను పందెం కాస్తా. వెనక కనిపించే ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్ట చూడండి.

సెవెన్‌రోడ్స్_కడప
నేల ఒప్పుకుంటా, గుట్ట మా రాయచోటి వైపు కూడా అట్లే ఉంటుంది. పంచుకుందాం.

బురుజు_నీడన
దారం సంగతి? ఎరుపేనా?

ఉగ్గాణి_బజ్జీ
నిన్న రాత్రి పాపతో కలిసి చూశా. ఆరు సార్లు.

దారం ఎరుపు కాదు. తెలుపు. మామూలు కుట్టుదారం. చెప్పే ఆయన కూడా "దారం" అనే అంటాడు, రంగు చెప్పడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ముప్పై ఏళ్ళు ఎరుపని ఎట్లా అనుకున్నా? పొద్దున్నే ఊరికి ఫోన్ చేసి జేజిని అడిగా. ఆమెకు ఎనభై ఆరు, సగం మాటలు వినపడవు. టీవీ, పాఠం, ఏమీ గుర్తు లేదంది. దారం అనంగానే అంది, "నా ఎర్రంచు చీర పోగు పీకి చేలో చెట్లకంతా కట్టింది నువ్వే గదమ్మా, కలుపు తీసేటోళ్ళు ఇదేం మొక్కుబడి అని అడిగిరి."

అది నాకు అస్సలు గుర్తు లేదు. ఒక్క ముక్క కూడా.

ఆదోని_టీచరమ్మ
ఎన్ని చెట్లకు కట్టావని అడిగావా?

ఉగ్గాణి_బజ్జీ
అడిగా మేడం. రెండు సాళ్ళకంట. జేజి పంట పీకే రోజు దాకా ఆ పోగులు విప్పనియ్యలేదట. మా పాప ఇప్పుడు కుండీలో నాలుగు విత్తనాలు పెట్టింది, మూడు మొలిచాయి. పువ్వు రావడానికి ఇంకా మూడు వారాలైనా పడుతుంది, ఈలోగా దారం ఏ రంగు కట్టాలో తేల్చుకోలేక రోజూ నన్ను అడుగుతోంది.

ప్రొద్దుటూరు_టంకం
పెన్నగట్టు అన్నా, మీ మామ అటకలో దొరికినవి ఎన్ని? మాస్కులు తెచ్చి పెట్టుకుంటా.

పెన్నగట్టు
పదకొండు. రెండిటి మీద "పిల్లలవి, చెరపవద్దు" అని రాసి ఉంది. గురువారం వస్తున్నా.